మొబైల్ స్థలకథనం: ఓరుగల్లు దారుల్లో కథ

మనిషి ఎక్కడ నిలబడి ఉన్నాడో ఫోను గుర్తించి, ఆ చోటుకు సంబంధించిన కథాభాగాన్ని వినిపించే లేదా చూపించే ప్రక్రియను స్థలకథనం అంటారు. పుస్తకంలో పేజీ తిప్పితే కథ కదులుతుంది, స్థలకథనంలో మనిషి కదిలితేనే కథ కదులుతుంది. ఏ దారిన వెళ్లాలి, ఎక్కడ ఆగాలి, అడిగిన ప్రశ్నకు ఏం బదులివ్వాలి అన్నది వినేవారి ఇష్టం. ఆ ఇష్టాన్ని బట్టి తరువాతి ఘట్టం మారుతుంది. సాహిత్యం, నాటకం, ఆట, చరిత్ర రచన, పర్యాటకం కలిసే ఈ ప్రక్రియ సాంకేతికంగా 21వ శతాబ్దపుది. నడుస్తూ, చూస్తూ, మాట్లాడుకుంటూ ఒక ఊరిని కథగా మలచే పద్ధతి మాత్రం తెలుగువారికి పాతదే. దాని తొలి చిరునామా ఓరుగల్లు, అంటే నేటి వరంగల్.

పరిధి

ఫోనులో కనిపించే ప్రతి మ్యాపూ, ప్రతి ఆడియో గైడూ స్థలకథనం కిందికి రావు. గుడి ముందు నిలబడితే కట్టిన సంవత్సరం, కట్టించిన రాజు పేరు చెప్పి ఊరుకునేది సమాచారం. కథకు పాత్రలుండాలి, ఒక చిక్కు ఉండాలి, ఆ చిక్కు విడిపోవడంలో వినేవారి నడకకు పాత్ర ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ కథను ఇంట్లో కూర్చుని వింటే ఏదో లోటు తెలియాలి. చోటు మారినా చెక్కుచెదరని కథ మంచి కథే కావచ్చు, స్థలకథ మాత్రం కాదు.

ఈ కొలతతో చూస్తే స్థలకథకుడి పని ఒక్క మాటలో చెప్పవచ్చు: కంటికి కనిపించేదాన్ని కంటికే వదిలేసి, కనిపించనిదాన్ని మాత్రమే చెప్పడం. ఎదురుగా ఉన్న స్తంభాన్ని వర్ణించనక్కర లేదు. ఆ స్తంభాన్ని ఎవరు మోశారు, దాని నీడలో ఎవరు ఎదురుచూశారు, అది కూలిన రోజు ఏం జరిగింది అన్నవే చెప్పవలసినవి.

పూర్వరూపం: క్రీడాభిరామం

తెలుగులో ఒక నగరపు వీధులనే కథావస్తువుగా చేసుకున్న అపురూపమైన పాత రచన క్రీడాభిరామం. దశరూపకాల్లో వీథి అనే రకానికి చెందిన ఈ కృతి వినుకొండ వల్లభరాయుని పేరున ఉంది. శ్రీనాథుని రచన అన్నవారూ ఉన్నారు. రావిపాటి త్రిపురాంతకుడు సంస్కృతంలో రాసిన ప్రేమాభిరామం దీనికి మూలం. ఆ మూలం మనకు దక్కలేదు. మరుగున పడిన క్రీడాభిరామాన్ని 20వ శతాబ్దం తొలినాళ్లలో మానవల్లి రామకృష్ణకవి వెలుగులోకి తెచ్చారు. ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాసిన సురవరం ప్రతాపరెడ్డి కాకతీయుల నాటి జనజీవనాన్ని చిత్రించడానికి ఈ కృతిని విరివిగా వాడుకున్నారు.

ఇందులో ఇద్దరే మిత్రులు: గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి. ఇద్దరూ కలిసి ఓరుగల్లులో ఒక రోజంతా తిరుగుతారు. వెలిపాళెం దాటి లోపలికి వస్తారు. ఏకవీర గుడి, మైలారుని వీరభటుల సాహసాలు, పల్నాటి వీరుల కథాగానం, పొట్టేళ్ల పోరు, కోడిపందెం వరసగా ఎదురవుతాయి. ఒక్క రూకకు కమ్మని భోజనం పెట్టే పూటకూళ్ల ఇల్లు తగులుతుంది. కాకతీయ ప్రతాపరుద్రుని కొలువుతో అనుబంధం ఉన్న మాచల్దేవి కొత్త ఇంటి చిత్రశాలను చూస్తారు. గొప్ప యుద్ధాలు, శపథాలు ఇందులో లేవు. తరువాతి మలుపులో ఏం కనిపిస్తుందో అన్న కుతూహలమే కథను నడిపిస్తుంది.

స్థలకథనానికి కావలసిన లక్షణాలు ఇందులో చాలా ఉన్నాయి. చూసేవాడు ఒకడు, పక్కన ఊకొట్టేవాడు ఒకడు. ఘట్టాలన్నీ స్థలాలకు ముడిపడి ఉంటాయి, పొద్దుతో పాటు సాగుతాయి. పైగా ఈ తెలుగు కృతి వెలువడే నాటికి కాకతీయ రాజ్యం లేదు. 1323లో ఢిల్లీ సేనలకు ఓరుగల్లు చిక్కింది. అంటే కవి తన పాఠకులను తీసుకుపోయింది గతించిన నగరంలోకి. నేడు వరంగల్ కోటలో ఎవరైనా ఫోను కథ రాయబూనితే వారు చేయవలసింది సరిగ్గా ఆ పనే. అప్పటి పాఠకుడు మనసులో నడిచాడు, ఇప్పటి శ్రోత కాళ్లతో నడుస్తాడు. తేడా అంతవరకే.

ఊరి కథకులు, పటం కథలు

శ్రోతను కథలో కలుపుకునే విద్య ఈ ప్రాంతపు జానపద కథకులకు బాగా తెలుసు. ఒగ్గుకథలో ప్రధాన కథకుడు డోలు, తాళాల నడుమ మల్లన్న, బీరప్ప కథలు చెబుతాడు. వంత పలికేవాడు మధ్యలో ప్రశ్నిస్తాడు, అనుమానం వెలిబుచ్చుతాడు, కథను పక్కదారి పట్టించి మళ్లీ తీసుకొస్తాడు. జనగామ ప్రాంతంలోని మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య ఈ కళను దేశమంతటికీ పరిచయం చేశారు. కథ చెప్పే ఊరి సంగతులు, ఎదురుగా కూర్చున్నవారి పేర్లు కథలో దూర్చడం ఒగ్గు కళాకారులకు అలవాటు. అందుకే ఒకే కథ ఊరికొక తీరుగా వినిపిస్తుంది.

పూర్వపు వరంగల్ జిల్లాలో ఉండి నేడు సిద్దిపేట జిల్లాలో చేరిన చేర్యాల నకాషీ పటాలకు పుట్టినిల్లు. నేత గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమట్టి, జిగురు పూసి ఆరబెట్టి, దాని మీద ఎర్రని నేల రంగు వేసి బొమ్మలు గీస్తారు. పటం వెడల్పు సుమారు 3 అడుగులు, పొడవు 30 అడుగులు దాటేది. కథకుడు పటాన్ని నిలువుగా వేలాడదీసి ఒక్కో అంకాన్ని విప్పుతూ, కర్రతో బొమ్మను చూపుతూ కథ నడుపుతాడు. విప్పిన మేరకే బొమ్మ, చూపిన బొమ్మకే పాట. తరువాతి అంకం చుట్టలోనే దాగి ఉంటుంది. ముదిరాజులకు కాకిపడగలవారు, గౌడులకు గౌడజెట్టివారు, పద్మశాలీలకు కూనపులివారు, మాదిగలకు డక్కలివారు ఇలా కుల పురాణాలు చెప్పేవారు. ప్రతి బృందానికీ కట్టుబాటైన ఊళ్లుండేవి. ఏ కథ ఏ ఊళ్లో, ఎవరి వాకిట చెప్పాలో ముందే నిర్ణయమై ఉండేది.

ఫోను తెర మీద కథాభాగాలు ఒక్కొక్కటే తెరుచుకునే పద్ధతికి పటం విప్పే పద్ధతి చక్కని ఆదర్శం. కథంతా ఒకేసారి కళ్ల ముందు పెట్టకూడదన్న నియమాన్ని నకాషీ కళాకారులు, పటం కథకులు తరతరాలుగా పాటించారు.

ప్రపంచంలో వికాసం

స్థలకథనానికి ఆధునిక కళలో దగ్గరి పూర్వగామి ఆడియో నడక. కెనడా కళాకారిణి జానెట్ కార్డిఫ్ 1991లో బాంఫ్‌లో ఫారెస్ట్ వాక్ రూపొందించారు. వినేవారు చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని, క్యాసెట్‌లోని గొంతు చెప్పిన దారిలో నడిచేవారు. 2004లో న్యూయార్క్ సెంట్రల్ పార్క్ కోసం ఆమె చేసిన హర్ లాంగ్ బ్లాక్ హెయిర్ కూడా పేరు పొందింది. ఈ నడకల్లో దారి స్థిరంగా ఉంటుంది. వినేవారు ఎక్కడున్నారో యంత్రానికి తెలియదు.

ఆ కొరత తీరింది 2000లో. అమెరికా ప్రభుత్వం జీపీఎస్ పౌర సంకేతాలలో కావాలని కలిపే లోపాన్ని ఆ ఏడాది మే నెల మొదట్లో తొలగించింది. దాంతో సాధారణ పరికరాలు కూడా వీధిని, మలుపును పోల్చుకునే స్థాయికి వచ్చాయి. మరునాడో ఆ మరునాడో అమెరికాలోని ఓరెగాన్‌లో ఒక ఔత్సాహికుడు అడవిలో డబ్బా దాచి దాని అక్షాంశ రేఖాంశాలను ప్రకటించాడు. జియోకేషింగ్ ఆట అలా మొదలైంది.

2002లో లాస్ ఏంజెలెస్‌లో జెఫ్ నోల్టన్, నవోమి స్పెల్‌మన్, జెరెమీ హైట్ కలిసి 34 నార్త్ 118 వెస్ట్ అనే రచన చేశారు. పాత రైల్వే సరుకుల డిపో పరిసరాల్లో జీపీఎస్ అమర్చిన కంప్యూటర్ పట్టుకుని తిరిగితే, అక్కడ పనిచేసినవారి గొంతులుగా మలచిన కథలు వినిపించేవి. ఒక చోట పొరలు పొరలుగా పేరుకున్న గతాన్ని తవ్వి తీయడాన్ని హైట్ కథన పురావస్తు శాస్త్రంగా అభివర్ణించారు.

2003లో టొరంటోలో మొదలైన మర్మర్ పథకం మరో దారి చూపింది. వీధుల్లో చెవి ఆకారపు పచ్చని బోర్డులు పెట్టి, ఒక్కో దాని మీద ఫోను నంబరు రాశారు. ఆ నంబరుకు ఫోను చేస్తే ఆ చోటును గురించి స్థానికులు చెప్పిన జ్ఞాపకం వినిపించేది. దీనికి జీపీఎస్ అక్కరలేదు, స్మార్ట్‌ఫోన్ అక్కరలేదు, ఏ ఫోనైనా సరిపోయేది.

బ్రిటన్‌కు చెందిన బ్లాస్ట్ థియరీ బృందం 2001లో కెన్ యు సీ మీ నౌ, 2003లో అంకుల్ రాయ్ ఆల్ అరౌండ్ యు, 2007లో రైడర్ స్పోక్ ప్రదర్శించింది. చివరిదానిలో సైకిలు తొక్కేవారు ఒక మూల ఆగి, అడిగిన ప్రశ్నకు తమ గొంతుతో జవాబు దాచిపెడతారు. ఆ జవాబును ఇంకొకరు వినాలంటే అదే మూలకు రావాలి. 2004లో బ్రిస్టల్‌లోని క్వీన్ స్క్వేర్‌లో రయట్ 1831 జరిగింది. ఆ మైదానంలో 1831లో జరిగిన అల్లర్ల గొంతులు నడిచేవారి స్థానాన్ని బట్టి వినిపించేవి. 2010లో లండన్ మ్యూజియం తెచ్చిన స్ట్రీట్ మ్యూజియం యాప్ పాత ఫోటోలను నేటి వీధి దృశ్యం మీద పరచి చూపింది.

2012లో నయాంటిక్ సంస్థ ఇంగ్రెస్ విడుదల చేసింది. అదే సంస్థ 2016లో తెచ్చిన పోకెమాన్ గో ఈ పద్ధతిని కోట్లమందికి చేర్చింది. మన దేశంలోకి అది రిలయన్స్ జియోతో కలిసి 2016 డిసెంబరులో అధికారికంగా వచ్చింది. అందులో కథ పలుచన. అయితే ఫోను పట్టుకుని ఊరంతా తిరగడం ఆటగా మారగలదని అది రుజువు చేసింది.

ఫోను చోటును గుర్తించే తీరు

స్థలకథకు ఫోను మూడు నాలుగు విధాలుగా చోటును తెలుసుకుంటుంది. మొదటిది ఉపగ్రహాల సంకేతం. అమెరికా జీపీఎస్‌తో పాటు ఇప్పటి ఫోన్లు ఇతర వ్యవస్థలను కూడా వాడుకుంటాయి. ఇస్రో నిర్మించిన నావిక్ వాటిలో ఒకటి. దాని తొలి ఉపగ్రహం 2013 జూలై 1న కక్ష్యలోకి వెళ్లింది. ఆరుబయట, ఆకాశం స్పష్టంగా కనిపించే చోట సాధారణ ఫోను సుమారు 5 మీటర్ల తేడాతో స్థానాన్ని చెప్పగలదు. ఎత్తైన గోడల మధ్య, చెట్ల గుబురులో, రాతి మండపం లోపల సంకేతం గోడలకు తగిలి తిరిగొస్తుంది. అప్పుడు తేడా పెరుగుతుంది.

రెండవది క్యూఆర్ కోడ్. గోడ మీదో రాతి పలక మీదో ఉన్న గుర్తును కెమెరాతో చూపితే కథ తెరుచుకుంటుంది. మూడవది బ్లూటూత్ బీకన్. చిన్న డబ్బా లాంటి పరికరం తన చుట్టూ కొద్ది మీటర్ల మేర సంకేతం పంపుతుంది. మ్యూజియం గదుల్లో ఇది బాగా పనికొస్తుంది. నాలుగవది కెమెరా. ఎదురుగా ఉన్న శిల్పాన్ని లేదా గోడను గుర్తించి, దాని మీద బొమ్మను నిలబెడుతుంది.

కథకుడు మ్యాపు మీద ఒక్కో చోటు చుట్టూ కనిపించని గిరి గీస్తాడు. శ్రోత గిరి లోపలికి అడుగుపెట్టగానే కథాభాగం మొదలవుతుంది. గిరి మరీ చిన్నదైతే ఉపగ్రహ తేడా వల్ల కథ అందదు. మరీ పెద్దదైతే గుడి కనబడకముందే గుడి కథ మొదలవుతుంది. పక్కపక్కనే ఉన్న రెండు గిరులు ఒకదాని మీద ఒకటి పడితే రెండు కథలూ కలగాపులగమవుతాయి. అందుకే బల్ల దగ్గర కూర్చుని గీసిన గిరులను ఆ చోటికి వెళ్లి, పొద్దున్నా మధ్యాహ్నమూ నడిచి సరిచూసుకోవడం ఈ పనిలో తప్పనిసరి దశ.

కథ అల్లిక

స్థలకథల నిర్మాణాన్ని బ్రిటన్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో మూడు రకాలుగా విభజించారు: లోయ, డెల్టా, మైదానం. లోయ రకంలో దారి ఒక్కటే, ఘట్టాలు వరసగా వస్తాయి. డెల్టా రకంలో దారి పాయలుగా చీలుతుంది, ఎంచుకున్న పాయను బట్టి కథ మారుతుంది. మైదానం రకంలో ఎటు నుంచైనా ఎటైనా పోవచ్చు, ప్రతి ఘట్టమూ తనంతట తాను నిలవాలి.

ఏ రకమైనా కొన్ని సూత్రాలు సమానం. ఒక్కో భాగం 2, 3 నిమిషాలు మించకపోతే మంచిది. ఎండలో నిలబడి అంతకంటే ఎక్కువ వినడం కష్టం. రెండు చోట్ల మధ్య నడకకు పట్టే సమయం కూడా కథలో భాగమే. ఆ వ్యవధిలో శ్రోత ఆలోచించుకోవడానికి ఒక ప్రశ్న ఇచ్చి పంపాలి. వెనక్కి నడిపించే కథ విసుగు పుట్టిస్తుంది, వెనక్కి వచ్చినప్పుడు అదే చోటు కొత్త అర్థంతో కనిపిస్తే తప్ప. చూపు తెర మీద కంటే చోటు మీద ఎక్కువసేపు నిలవాలి కాబట్టి, ఈ ప్రక్రియలో బొమ్మ కంటే గొంతుకు బలమెక్కువ.

వరంగల్: కథాస్థలాలు

*కోట.* గణపతిదేవుని కాలంలో (1199–1262) మొదలై రుద్రమదేవి కాలంలో పూర్తయిన ఓరుగల్లు కోట వలయాలుగా కట్టింది. రాతికోట వ్యాసం సుమారు 1.2 కి.మీ., దాని చుట్టూ కందకం, ఆవల మట్టికోట వ్యాసం సుమారు 2.4 కి.మీ. రాతి గోడకు 45 బురుజులు. వలయాల మధ్యలో ఇప్పటికీ ఊరుంది, పొలాలున్నాయి, మనుషులు కాపురం ఉంటున్నారు.

స్థలకథకు కోట ద్వారాలే మంచి పాఠం. నాలుగు దిక్కులా ఉన్న ద్వారాల్లో దారి తిన్నగా పోదు. బయటి ద్వారం దాటాక ఎదురుగా గోడ వస్తుంది. పక్కకు తిరగాలి, ఇరుకు ఆవరణ దాటి మళ్లీ తిరిగితే గాని లోపలి ద్వారం కనిపించదు. శత్రువు వేగాన్ని విరిచి, పైనున్న సైనికుల గురికి అతన్ని అప్పగించే ఏర్పాటు ఇది. కథకు కూడా ఇది చక్కగా పనికొస్తుంది. తొలి మలుపు దగ్గర కాపలావాడి గొంతు ఎవరు నువ్వని అడగవచ్చు. వ్యాపారి అన్నవారికి సుంకం మాట, దూత అన్నవారికి ఇంకో మాట వినిపించవచ్చు. మలుపు తిరిగేసరికి శ్రోతకు ఒక పాత్ర ఏర్పడుతుంది. ఆ రెండు మలుపుల అర్థం కాళ్లకు తెలుస్తుంది, వర్ణన అవసరపడదు.

కోట నడిబొడ్డున స్వయంభూ శివాలయ శిథిలాల చుట్టూ నాలుగు కీర్తితోరణాలు నాలుగు దిక్కుల నిలిచి ఉన్నాయి. తెలంగాణ రాజముద్రలో ఉన్నది ఈ తోరణమే. ఆలయం పోయి తోరణాలు మిగిలిన ఈ ఆవరణ మైదానం రకం కథకు తగినది. ఏ తోరణం నుంచి ప్రవేశించినా కథ మొదలు కావచ్చు. ఒక్కో తోరణం దగ్గర ఒక్కో గొంతు, ఒక శిల్పి, ఒక దండనాయకుడు, ఒక నర్తకి, ఒక రైతు, తాను చూసిన ఆలయాన్ని చెప్పవచ్చు. నలుగురి మాటా విన్నవారికి నడుమ ఉన్న ఖాళీలో ఆలయం రూపుకడుతుంది. పక్కనే ఉన్న ఖుష్ మహల్ ఏటవాలు గోడలతో తరువాతి కాలపు కథను అందిస్తుంది. సాయంత్రం పూట కోటలో జరిగే సౌండ్ అండ్ లైట్ ప్రదర్శనకు, ఫోను కథకు ఉన్న భేదం ఇక్కడ స్పష్టపడుతుంది. ప్రదర్శనలో అందరూ కూర్చుంటారు, వెలుగు తిరుగుతుంది. ఫోను కథలో శ్రోతే తిరుగుతాడు.

*హనుమకొండ.* కాకతీయ రుద్రదేవుడు 1163లో కట్టించిన వేయిస్తంభాల గుడి త్రికూటాలయం. రుద్రేశ్వరుడు, వాసుదేవుడు, సూర్యుడు కొలువైన మూడు గర్భగుడులు ఒకే రంగమండపానికి తెరుచుకుంటాయి. ఎదుట నల్లరాతి నంది. దానికి ఆవల ఉన్న కల్యాణ మండపాన్ని ఏళ్ల కిందట రాయి రాయిగా విప్పి, పునాది బలపరచి, తిరిగి పేర్చి 2024లో తెరిచారు. ఒక కట్టడాన్ని విప్పి కట్టిన పనివారి జ్ఞాపకాలు రాజుల కథకు ఏమాత్రం తీసిపోని కథావస్తువు. భద్రకాళి చెరువు గట్టు, పద్మాక్షి గుట్ట, మట్టెవాడ దీనితో కలిస్తే సగం రోజు నడక అవుతుంది.

*రామప్ప.* ములుగు జిల్లా పాలంపేటలో రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రుద్రేశ్వరాలయం 2021 జూలై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. నల్లరాతి మదనికలు, నాట్య భంగిమలు, తేలికైన ఇటుకల గోపురం దీని ప్రత్యేకతలు. కాకతీయుల గజసేనాని జాయప రాసిన నృత్తరత్నావళి, ఈ శిల్పాలు ఆధారంగా నటరాజ రామకృష్ణ పేరిణి నాట్యానికి మళ్లీ ప్రాణం పోశారు. శిల్పంలో ఆగిపోయిన భంగిమకు ముందుదీ తరువాతిదీ కెమెరా ద్వారా చూపగలిగితే, ఫోను ఇక్కడ నిజంగా కొత్త పని చేసినట్టు.

*పని చేసిన చేతుల వరంగల్.* కాకతీయులతోనే వరంగల్ కథ ముగియదు. 1934లో నిజాం కాలంలో పెట్టిన ఆజంజాహీ మిల్లు వేలమందికి అన్నం పెట్టి, తరువాత మూతపడింది. కొత్తవాడ నేత కార్మికుల దర్రీలు భౌగోళిక గుర్తింపు పొందాయి. నిజాం జమానాలోని వరంగల్ సెంట్రల్ జైలును ఆసుపత్రి నిర్మాణం కోసం 2021లో కూల్చివేశారు. కాజీపేట జంక్షన్ రైల్వే కుటుంబాల ఊరు. ఇక్కడ కథకుడికి శాసనాలు అక్కరలేదు. సైరన్ మోతకు లేచిన ఇళ్లు, షిఫ్టు మారే వేళ గేటు ముందు కిటకిటలాడిన చాయ్ హోటళ్లు, ములాఖత్ కోసం జైలు గోడ పక్కన కాచుకున్న తల్లులు జ్ఞాపకాల్లో ఉన్నారు. కట్టడం పోయిన చోట దాని కథను నిలబెట్టగలగడం స్థలకథనం చేసే అతి విలువైన పని. అక్కడ చూడటానికి ఏమీ మిగల్లేదు కాబట్టి, వినడానికైనా ఉండాలి.

భాష, గొంతు

పర్యాటక యాప్‌లలో తెలుగు తరచు అనువాదంగానే వస్తుంది. ఇంగ్లిష్ ప్రతిని వాక్యానికి వాక్యం మార్చి, ఊరూ వాడా తెలియని చదువరి గొంతుతో వినిపిస్తారు. స్థలకథకు ఇది పెద్ద దెబ్బ. కొత్తవాడ మగ్గం కథను కొత్తవాడ మాటతీరులోనే వినాలి. మిల్లు కార్మికుని ఉర్దూ కలిసిన తెలుగు, కోట లోపలి రైతు తెలంగాణ మాట, కోయగూడెం పెద్దల పలుకు ఒక్కోటి ఒక్కో రుజువు. వాటిని గ్రాంథికం చేసి నున్నగా చెక్కితే చోటు వాసన పోతుంది.

ఒగ్గు కళాకారులు, పటం కథకులు ఈ పనికి సహజ వారసులు. వారిని నేపథ్య సంగీతానికి పిలిచి పక్కన కూర్చోబెట్టకుండా, కథ అల్లేటప్పుడే పిలవాలి. ఎక్కడ ఆగాలి, ఎక్కడ వంత అందుకోవాలి, జనం కళ్లు ఎప్పుడు చెదురుతాయి అన్నవి వారికి తెలిసినంతగా సాఫ్ట్‌వేర్ రాసేవారికి తెలియవు. వారి శ్రమకు తగిన ప్రతిఫలం, వారి పేరు, వారి హక్కు కథతో పాటే ఉండాలి.

ఫోను ఉన్నవారంతా ఒక్కలాంటివారు కారు. డేటా బ్యాలెన్సు చూసుకుని వాడేవారుంటారు. అక్షరం రానివారుంటారు, చూపు లేనివారుంటారు. ముందే దింపుకుని నెట్ లేకుండా వినగలిగే ఏర్పాటు, మర్మర్ లాగా మామూలు ఫోను నంబరు, చదవనక్కర లేని గుర్తులు ఉంటే కథ అందరిదీ అవుతుంది. మెట్లు ఎక్కలేనివారికి వేరే దారి, వేరే ఘట్టం రాయడం కథకుడి బాధ్యతలో భాగం.

హద్దులు, మర్యాదలు

*చరిత్ర, కల్పన.* చోటు మీద నిలబడి విన్న మాటను మనిషి తేలికగా నమ్ముతాడు. అందుకే ఏది ఆధారం ఉన్నది, ఏది ఊహ అన్నది శ్రోతకు తెలిసేలా ఉండాలి. రుద్రమదేవి మరణం విషయమే తీసుకుంటే, 1289 నాటి చందుపట్ల శాసనం దొరికాక చరిత్రకారులకు గట్టి ఆధారం చిక్కింది. ఆ శాసనం చెప్పినది ఒక గొంతుతో, కవి ఊహించినది ఇంకో గొంతుతో వినిపిస్తే రెండింటికీ గౌరవం దక్కుతుంది.

*పవిత్ర స్థలాలు.* పోకెమాన్ గో వచ్చిన కొత్తలో పోలండ్‌లోని ఆష్‌విట్జ్ స్మారకం తమ ఆవరణలో ఆ ఆట వద్దని కోరింది. ఈ పాఠం మేడారానికి కూడా వర్తిస్తుంది. అక్కడ రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి వేళ జరిగే సమ్మక్క సారలమ్మ జాతరలో సారలమ్మను కన్నెపల్లి నుంచి, సమ్మక్కను చిలుకలగుట్ట నుంచి గద్దెలకు తెస్తారు. గుట్ట మీద కోయ పూజారులు చేసే క్రతువు ఇతరుల కంటికి కాదు. జంపన్న వాగు ఒడ్డున కథ వినిపించవచ్చు, గుట్ట లోపలి కథను మ్యాపు మీద పెట్టకూడదు. ఏది చెప్పవచ్చు, ఏది వద్దు అన్న నిర్ణయం ఆ కథ ఎవరిదో వారి చేతిలోనే ఉండాలి.

*గోప్యత, భద్రత.* మనిషి ఎప్పుడు ఎక్కడున్నాడో ఈ కథలకు తెలుస్తుంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం ఇలాంటి వివరాలు తీసుకోవడానికి అనుమతి కావాలి. పిల్లల విషయంలో తల్లిదండ్రుల అంగీకారం కావాలి. చోటును ఫోనులోనే లెక్కగట్టి, బయటికి పంపకుండా కథ నడిపితే అది మేలైన పద్ధతి. చెవులు మూసే హెడ్‌ఫోన్లతో చౌరస్తాలు దాటించడం, బురుజుల అంచులకు తీసుకెళ్లడం, వానాకాలంలో చెరువు గట్ల మీద నడిపించడం రచయిత చేయకూడని పనులు. కోటలో కాపురముంటున్నవారి వాకిళ్లను ఘట్టాలుగా వాడుకోవాలంటే వారిని అడగాలి.

మన్నిక

ఈ ప్రక్రియకు ఉన్న అతి పెద్ద బలహీనత అల్పాయుష్షు. రయట్ 1831 వెనుక ఉన్న మీడియాస్కేప్ అనే సాధనాన్ని హ్యూలెట్ ప్యాకర్డ్ పరిశోధకులు అభివృద్ధి చేశారు. కొన్నేళ్లకే అది మూతపడింది, దానితో రాసిన కథలు నడవకుండా పోయాయి. ఫోన్లు మారతాయి, యాప్‌లు పాతబడతాయి, నిధులు ఆగిపోతాయి. రాయి ఎనిమిది వందల ఏళ్లు నిలిచిన ఊళ్లో యాప్ ఎనిమిదేళ్లు నిలవకపోతే శ్రమంతా వృథా.

దీనికి విరుగుడు కథను యాప్ నుంచి విడదీసి దాచడం. గొంతు రికార్డింగు, దాని రాతప్రతి, చోటు అక్షాంశ రేఖాంశాలు, చెప్పినవారి పేరు, అనుమతి పత్రం ఎవరైనా తెరవగల మామూలు ఫైళ్లలో గ్రంథాలయానికో విశ్వవిద్యాలయానికో అప్పగిస్తే, రేపటి యంత్రం ఏదైనా వాటిని మళ్లీ పలికించగలదు. కాకతీయ విశ్వవిద్యాలయం, వరంగల్ ఎన్ఐటీ ఉన్న నగరంలో సాహిత్యం, చరిత్ర, ఇంజనీరింగ్ విద్యార్థులు కలిసి చేయదగిన పని ఇది. 2015లో కేంద్రం ప్రారంభించిన హృదయ్ వారసత్వ నగరాల పథకంలో వరంగల్‌కు చోటు దక్కింది. అలాంటి పథకాల్లో రాళ్ల మరమ్మతుతో పాటు గొంతుల సేకరణకూ వాటా ఉండాలి.

ఈ పనికి క్రమం కూడా ఒకటుంది. కోట, గుడులు రేపు కూడా ఉంటాయి, వాటి కథ రేపు రాసుకోవచ్చు. ఆజంజాహీ మిల్లులో షిఫ్టు చేసినవారు, జైలు గోడల లోపల ఏళ్లు గడిపినవారు, పటం విప్పి పూర్తి పురాణం చెప్పగలవారు ఏటా తగ్గిపోతున్నారు. కాబట్టి యాప్ తయారీ కంటే ముందు రికార్డింగు మొదలు కావాలి. వారిని వారి చోటికే తీసుకెళ్లి, అక్కడ నిలబెట్టి మాట్లాడించాలి. స్థలకథనంలో సాంకేతికత ఎప్పుడైనా సమకూరుతుంది, చోటు తెలిసిన గొంతు మాత్రం ఇప్పుడే దొరుకుతుంది.